మీకు తెలుసా? కళ్లు తేటపడినా వైరస్ పోదు

గుర్రాల కళ్లు ఎర్రబడేలా చేసే ఒక వైరస్, జబ్బు పూర్తిగా నయమయ్యాక కూడా మగ గుర్రం జననాంగ గ్రంథుల్లో ఏళ్ల తరబడి తిష్ఠ వేయగలదు.

దాని పేరు ఈక్వైన్ ఆర్టెరైటిస్ వైరస్. 1953లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, బ్యుసైరస్ దగ్గరి గుర్రాల ఫారంలో చూడి గుర్రాలు ఈసుకుపోతుంటే, అలా పడిపోయిన పిల్ల ఊపిరితిత్తుల నుంచి దీన్ని మొదటిసారి వేరుచేశారు.

ఇది సన్నటి ధమనుల గోడలను దెబ్బతీస్తుంది. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరడంతో కనురెప్పలు ఉబ్బుతాయి, కళ్లు ఎర్రబడి నీరు కారతాయి, కాళ్లు వాస్తాయి. చాలా గుర్రాల్లో అయితే ఏ లక్షణమూ కనిపించదు.

ఆడ గుర్రాలూ, వృషణాలు తీయించిన గుర్రాలూ ఈ వైరస్‌ను వదిలించుకుంటాయి. ఒంట్లో అది నిలవాలంటే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ ఉండాలి. అందుకే పైకి నిక్షేపంగా కనిపించే మగ గుర్రం కూడా వీర్యం ద్వారా దీన్ని అంటించగలదు. వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వచేసినా వైరస్ చావదు. కాబట్టే మగ గుర్రాలనూ వీర్యాన్నీ దిగుమతి చేసుకునేటప్పుడు చాలా దేశాలు ఈ వైరస్ పరీక్ష ఫలితాలు అడుగుతాయి.

గుర్రాలను చూసుకునేవారికి భయం లేదు: ఇది మనుషులకు సోకదు.