మీకు తెలుసా? గోదావరి దాటితే ఆ చట్టం లేదు

గర్భంలో తొలి ఆరు వారాలు ఆడ, మగ పిండాల బీజకోశాలు ఒకేలా ఉంటాయి. ఆ తర్వాత వై క్రోమోజోమ్‌పై ఉన్న ఎస్‌ఆర్‌వై జన్యువు పనిచేస్తే వృషణాలు, లేకుంటే సాధారణంగా అండాశయాలు ఏర్పడతాయి. ఈ జన్యువును 1990లో గుర్తించారు. తాను స్త్రీనా, పురుషుడినా అని మనిషి లోలోపల ఎరిగే ఎరుకకు మాత్రం ఇదీ కారణమని చెప్పగల జన్యువు ఏ ఒక్కటీ దొరకలేదు. శరీర నిర్మాణంలోనే తేడాతో పుట్టే ఇంటర్‌సెక్స్ వేరు, ఆ ఎరుక శరీరంతో పొసగని ట్రాన్స్‌జెండర్ వేరు. రెంటినీ కలిపేసి మాట్లాడటం అన్యాయం.

అంతకన్నా పెద్ద అన్యాయం చట్టమే చేసింది. 1919 నాటి నిజాం చట్టం ప్రకారం హైదరాబాద్‌లోనూ, ప్రభుత్వం ప్రకటించిన ఇతర చోట్లా కొన్ని నేరాల అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు రిజిస్టరుకెక్కించాల్సి ఉండేది. రిజిస్టరులో ఉన్నవారు ఆడవేషంలో వీధిలో కనబడితే చాలు, వారంటు లేకుండా పట్టుకునే వీలుండేది; రెండేళ్ల దాకా జైలు పడేది. ఖమ్మం నిజాం ఏలుబడిలోది. గోదావరి అవతలి భద్రాచలం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీది, 1959లోగానీ ఖమ్మం జిల్లాలో కలవలేదు. నిజాం చట్టం ఆ ఒడ్డుకు చేరలేదు. మనిషి అదే, పుట్టుక అదే!

తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది 2023 జూలైలో. అంతకు కొన్ని నెలల ముందే, 2022 చివర్లో, ఖమ్మానికి చెందిన డాక్టర్ రూత్ జాన్‌పాల్, ఆదిలాబాద్‌కు చెందిన డాక్టర్ ప్రాచీ రాథోడ్ ఉస్మానియా ఆస్పత్రిలో మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. తెలంగాణలో ప్రభుత్వ కొలువుకెక్కిన తొలి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వీరే.