ఫ్యూజు కాపాడేది ఎవరిని?

పాత స్టీరియో యాంప్లిఫయరు మూత విప్పితే, ట్రాన్స్‌ఫార్మరు పక్కన, పెద్ద కండెన్సర్ల దగ్గర నాలుగైదు చిన్న గాజు గొట్టాలు కనిపిస్తాయి. 20 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల మందం, రెండు చివరలా లోహపు టోపీలు. ప్లగ్గు పీకేసి, ఒక్కొక్కదాన్ని క్లిప్పులోంచి ఊడదీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. లోపలి తీగ ఒక్కచోట తెగి, రెండు కొసలూ గుండ్రంగా ముడుచుకుని, గాజు శుభ్రంగా ఉందంటే, మోయాల్సినదానికన్నా కాస్త ఎక్కువ కరెంటు చాలాసేపు మోసి మోసి తెగిందన్నమాట. గాజు లోపలంతా నల్లగా మసిబారి, లేదా వెండి పూత పట్టి ఉంటే కథ వేరు. అక్కడ తీగ ఆవిరైపోయింది. లోపల ఎక్కడో సూటిగా షార్టయింది.

ఈ రెండో రకం ఫ్యూజు తీసేసి కొత్తది పెట్టి స్విచ్ వేస్తే, ఠప్పుమని అదీ పోతుంది. అయినా యాంప్లిఫయరు మూగబోయిందంటే చాలామంది చేసే మొదటి పని అదే. ఫ్యూజు పోవడాన్నే జబ్బు అనుకుంటారు. నిజానికి ఆ సెట్టులో చివరిదాకా తన పని తాను సరిగ్గా చేసింది ఫ్యూజే. దాన్ని మార్చడం మరమ్మతులో ఆఖరి పనుల్లో ఒకటి కావాలి. ఎందుకో తెలియాలంటే అది దేన్ని కాపాడడానికి పుట్టిందో చూడాలి.

వయసులో ఎడిసన్ బల్బు కన్నా ఫ్యూజే పెద్దది. 1840ల్లో యూరప్‌లో ఊళ్ల మధ్య టెలిగ్రాఫు తీగలు సాగుతున్నాయి. వాటి మీద పిడుగు పడితే ఆ దెబ్బ నేరుగా ఆఫీసులోని యంత్రానికే తగిలేది. పారిస్‌లో పేరుమోసిన గడియారాల వంశంవాడు లూయీ బ్రెగే 1847లో ఒక ఉపాయం చెప్పాడు. తీగ భవనంలోకి వచ్చేచోట కొంత మేర బాగా సన్నని తీగ వేస్తే, పిడుగు కరెంటుకు ముందు అదే కరిగి తెగిపోతుంది, లోపలి సామాను మిగులుతుంది. దీని వెనకున్న లెక్కను అప్పటికి కొన్నేళ్ల ముందే, 1841లో, జేమ్స్ జూల్ తేల్చాడు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు, పది రెట్లయితే వంద రెట్లు.

బల్బును ఇళ్లకు చేర్చాలనుకున్న ఎడిసన్‌కు ఇదే ఉపాయం ఇంకో పనికి వచ్చింది. ఒకే యంత్రం నుంచి వందల ఇళ్లకు తీగలు లాగితే, ఏ ఒక్క ఇంట్లో రెండు తీగలు కలుసుకున్నా యంత్రంలో ఉన్న బలమంతా అక్కడికే పరుగెడుతుంది. తీగలు ఎర్రగా కాలి గోడల్లోని చెక్క అంటుకుంటుంది. దీనికి విరుగుడుగా మధ్యలో వేసే రక్షణ తీగకు ఆయన 1880లో అమెరికాలో పేటెంటు పొందాడు. రెండేళ్ల తరవాత, 1882 సెప్టెంబరులో, న్యూయార్కులో పెర్ల్ స్ట్రీట్ కేంద్రం కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఎడిసన్ ఫ్యూజు బల్బును కాపాడడానికి పెట్టింది కాదు. గోడలోని తీగను, ఆ గోడను, ఆ ఇంట్లో నిద్రపోయే మనుషులను కాపాడడానికి పెట్టింది. ఇవాళ్టికీ దాని పని అదే.

ఎంత మందం తీగ ఎంత కరెంటుకు కరుగుతుందో 1880ల్లో బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు విలియం ప్రీస్ పరీక్షించి చూశాడు. కరిగించే కరెంటు తీగ వ్యాసానికి ఒకటిన్నర ఘాతంగా పెరుగుతుందని తేల్చాడు. బయట గాలిలో ఉన్న రాగి తీగకు ఈ లెక్క వేసి చూస్తే, మిల్లీమీటరు మందం తీగ కరగడానికి దాదాపు 80 ఆంపియర్లు కావాలి. 0.2 మిల్లీమీటర్ల ఒక్క పోగుకు 7 ఆంపియర్లు చాలు. మన ఊళ్లలో ఫ్యూజు పోయినప్పుడల్లా వైరు చీల్చి, రాగి పోగులు నాలుగు మెలిపెట్టి కట్టేయడం అందరూ చూసిందే. నాలుగు పోగులూ కలిసి మోస్తాయి. 5 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిన చోట 20 దాటినా తెగనిది ఉంటుంది. గాజు ఫ్యూజుకు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టడం ఇంకా ఘోరం. అప్పుడు కరిగే తీగ అంటూ ఉండదు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టే ఫ్యూజవుతుంది. పాత యాంప్లిఫయర్లు విప్పినప్పుడు ఇలాంటి కాగితం చుట్టిన ఫ్యూజు కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అది ఆ ఇంట్లో ఎన్నేళ్లు అలా ఉండిపోయిందో కదా అనిపిస్తుంది.

తీగ తెగినంత మాత్రాన కరెంటు ఆగిపోదు. తెగిన రెండు కొసల మధ్య ఆవిరైన లోహం గుండా మెరుపు సాగుతూనే ఉంటుంది. తొలి ఫ్యూజులు బోర్డు మీద బయటికే ఉండేవి. కరిగిన లోహం చుక్కలు కింద పడి కొత్త ప్రమాదం తెచ్చేవి. 1890లో ఇంగ్లండులో మోర్డీ అనే ఇంజనీరు తీగను గొట్టంలో పెట్టి, చుట్టూ సుద్ద లాంటి పొడి కూరి పేటెంటు తీసుకున్నాడు. ఆ వేడిని పొడి తాగేసి మెరుపును ఆర్పేస్తుంది. ఇప్పటి పెద్ద ఫ్యూజుల్లో ఇసుక పోసేది అందుకే. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కనక మెరుపు ఆరడానికి అన్ని అవకాశాలుంటాయి. ఎప్పుడూ ఒకే దిక్కున పారే డీసీలో ఆ వీలు లేదు. యాంప్లిఫయరులో రెక్టిఫయరు తరవాత పెట్టిన ఫ్యూజులు డీసీ మీద పనిచేస్తాయి కాబట్టి, పైన రాసి ఉన్న 250 వోల్టుల అంకెను అక్కడ అలాగే నమ్మకూడదు.

చిన్న గాజు ఫ్యూజు రేడియోల కాలపు బిడ్డ. సన్నని కొలత మీటర్లు చిన్న పొరపాటుకే కాలిపోతుంటే, వాటిని కాపాడే చురుకైన ఫ్యూజు తయారుచేసి ఎడ్వర్డ్ సుంట్ 1927లో షికాగోలో లిటెల్‌ఫ్యూజ్ కంపెనీ పెట్టాడు. మరో ముఖ్యమైన మలుపు 1939లో వచ్చింది. రాగి తీగ మీద తగరపు చుక్క ఒకటి అంటిస్తే ఏమవుతుందో మెట్‌కాఫ్ అనే పరిశోధకుడు ప్రచురించాడు. రాగి కరగడానికి 1085 డిగ్రీలు కావాలి, తగరానికి 232 చాలు. కరిగిన తగరం చుట్టూ ఉన్న రాగిని తనలో కలుపుకుంటూ పోతుంది, తీగ చాలా తక్కువ వేడికే అక్కడ తెగుతుంది. ఇలాంటి తీగ కాసేపు వచ్చిపోయే ఉప్పెనను ఓర్చుకుంటుంది, వదలకుండా పట్టుకున్న భారాన్ని ఓర్చుకోదు. దుకాణాల్లో స్లో బ్లో అని అడిగే రకాల్లో చాలావాటికి ఆధారం ఇదే.

యాంప్లిఫయరు మెయిన్ దగ్గర ఈ స్లో బ్లో రకం తప్పనిసరి. స్విచ్ వేసిన క్షణంలో ఖాళీ కండెన్సర్లు నిండాలి, ట్రాన్స్‌ఫార్మరు ఇనుము అయస్కాంతం కావాలి. ఆ రెప్పపాటులో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. మెయిన్ దగ్గర ఫాస్ట్ ఫ్యూజు పెడితే ఏ లోపమూ లేకుండానే పోతుంటుంది. లోహపు టోపీ మీద సన్నగా చెక్కిన అక్షరం చూడాలి. టి అంటే నిదానం, ఎఫ్ అంటే చురుకు. ఆంపియర్ల అంకెతో పాటు ఈ అక్షరం కూడా కలవాలి.

ఇక ఫ్యూజు ఎంత త్వరగా పోతుందన్న ప్రశ్న. 5 ఆంపియర్ల ఫ్యూజు 5 దాటగానే తెగుతుందని చాలామంది నమ్మకం. ఈ 5 బై 20 ఫ్యూజులకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఈసీ 60127. దాని ప్రకారం చురుకు రకం ఫ్యూజు ఒకటిన్నర రెట్లు కరెంటును కనీసం గంటసేపు మోయాలి. 2.1 రెట్లయితే అరగంటలోపు తెగాలి. పది రెట్లయితే 20 మిల్లీసెకన్లలో. అంటే 5 ఆంపియర్ల ఫ్యూజుకు 7 ఆంపియర్లు హాయిగా మోసే భారమే.

దీన్ని ఒక నిజమైన యాంప్లిఫయరులో పెట్టి చూద్దాం. 1960ల ట్రాన్సిస్టరు సెట్లలో, 1967 నాటి క్వాడ్ 303 లాంటి వాటిలో, స్పీకరుకు ముందు ఒక పెద్ద కండెన్సరు ఉండేది. లోపల ఏది చెడినా డీసీ స్పీకరు దాకా వెళ్లకుండా అది అడ్డుపడేది. తరవాత కింది స్వరాలు ఇంకా శుభ్రంగా రావాలని డిజైనర్లు దాన్ని తీసేశారు. ప్లస్ 40, మైనస్ 40 వోల్టుల రెండు సప్లైలు పెట్టి, మధ్యలో సున్నా దగ్గర స్పీకరును నేరుగా కలిపారు. ఇప్పుడు ఒక అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు షార్టయిందనుకోండి. 8 ఓమ్‌ల స్పీకరు తీగచుట్టకు డీసీ నిరోధం సుమారు 6 ఓమ్‌లు. 40 వోల్టులు నేరుగా పడితే 6.7 ఆంపియర్లు పారతాయి, 260 వాట్లకు పైగా వేడి ఆ సన్నని చుట్టలో పుడుతుంది. కొద్ది సెకన్లలో అది మాడిపోతుంది. 5 ఆంపియర్ల ఫ్యూజు మాత్రం చెక్కుచెదరదు, ఎందుకంటే 6.7 దానికి ఒకటిన్నర రెట్లు కూడా కాదు. స్పీకరును కాపాడే భారం అందుకే రిలేకు అప్పగించారు. డీసీ కనబడగానే టక్కుమని స్పీకరును విడదీసేది అదే.

ట్రాన్సిస్టరు సంగతి ఇంకా దారుణం. 2ఎన్3055 అనే ఇనుపటోపీ ట్రాన్సిస్టరు మన దేశంలో అసెంబుల్ చేసిన యాంప్లిఫయర్లలో తెగ వాడారు. 15 ఆంపియర్లు, 60 వోల్టులు, 115 వాట్ల దాకా తట్టుకోగల మొండి సరుకు. అయినా లోపలి సిలికాన్ ముక్క చాలా చిన్నది. షార్టయిన స్పీకరు వైరు మీద అది మిల్లీసెకన్లలో పోతుంది, ఫ్యూజు తీగ వేడెక్కడం మొదలయ్యేలోపే. కాబట్టి నల్లబడిన ఫ్యూజు చేతికొచ్చేసరికి ట్రాన్సిస్టరు ఎప్పుడో పోయి ఉంటుంది. ఫ్యూజు కాపాడింది ట్రాన్స్‌ఫార్మరును, వైర్లను, ఇంటిని.

మరమ్మతు ఇక్కడే మొదలవుతుంది. ప్లగ్గు పీకాక కూడా కండెన్సర్లలో 40 వోల్టులు నిలిచి ఉంటాయి. కిలోఓమ్ రెసిస్టరును, 5 వాట్లది, ఒక్కో కండెన్సరుకు అడ్డంగా ఒక నిమిషం పట్టుకుని, మీటరుతో సున్నా అయిందని చూశాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవరుతో ఫట్‌మని కలిపే అలవాటు మానుకోవాలి. తరవాత మీటరును డయోడ్ గుర్తు దగ్గర పెట్టి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను వరసగా కొలవాలి. బాగున్న జంక్షను ఒకవైపు 0.5 నుంచి 0.7 వోల్టుల దాకా చూపిస్తుంది, రెండోవైపు ఏమీ చూపించదు. పోయినది రెండువైపులా బీప్ కొడుతుంది. అది దొరికింది కదా అని ఆగకూడదు. పోతూ పోతూ తనను నడిపే డ్రైవరు ట్రాన్సిస్టరును, 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టరును కూడా తీసుకుపోతుంది. స్టీరియోలో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, బాగున్న రెండో చానలే మనకు సర్క్యూటు పటం. ఎక్కడ అనుమానం వచ్చినా కుడి ఎడమలు కొలిచి పోల్చుకోవచ్చు.

అసలు ఎందుకు పోయిందో కూడా తేలాలి. వెనక స్పీకరు వైరు పోగు ఒకటి పక్క టెర్మినలుకు తగులుతుండవచ్చు. బయాస్‌ను, అంటే పాట లేనప్పుడూ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటును, సరిచేసే చిన్న ప్రీసెట్టు నలభై ఏళ్ల తుప్పుతో ఆడకపోవచ్చు, అప్పుడు చాలా డిజైన్లలో ట్రాన్సిస్టర్లు ఊరకే ఉన్నా కాలిపోతుంటాయి. హీట్‌సింకు కింద తెల్లటి పేస్టు ఎండి పొడి అయి ఉండవచ్చు. అమెరికా నుంచి తెచ్చిన సెట్టయితే ముందు వెనకనున్న వోల్టేజి సెలెక్టరు చూడాలి. 120 వోల్టుల దగ్గర ఉన్నదాన్ని మన 230కి తగిలిస్తే మొదటి సెకనులోనే పోతుంది. సెలెక్టరు మార్చాక మెయిన్ ఫ్యూజు అంకె కూడా సుమారు సగం కావాలి, అదే పవరుకు కరెంటు సగమే లాగుతుంది కనక.

చెడినవన్నీ మార్చాక, కొత్త ఫ్యూజులు బిగించి స్విచ్ వేసే ముందు మన మెకానిక్కులు తరతరాలుగా వాడుతున్న సాధనం ఒకటుంది, సిరీస్ బల్బు. 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును మెయిన్ లైనులో వరసగా కలుపుతారు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. లోపల ఇంకా షార్టుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, కరెంటు అర ఆంపియరు కూడా దాటదు, కొత్త ట్రాన్సిస్టర్లు బతుకుతాయి. అంతా బాగుంటే కండెన్సర్లు నిండేంతసేపు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. చల్లగా ఉన్న ఫిలమెంటు నిరోధం తక్కువ, వేడెక్కితే పది రెట్లకు పైగా పెరుగుతుంది. ఫ్యూజు వేడికి తెగిపోయి కాపాడితే, బల్బు తెగకుండానే వేడెక్కి అడ్డుకుంటుంది. మార్కెట్లో ఈ బల్బులు తగ్గిపోతున్నాయి, మరమ్మతు చేసేవాళ్లు రెండు మూడు కొని దాచుకోవడం మంచిది.

బల్బు మసకబారాక, దాన్ని తీసేసి, స్పీకరు తగిలించకుండానే అవుట్‌పుట్ టెర్మినళ్ల మీద డీసీ కొలవాలి. 50 మిల్లీవోల్టులలోపు ఉంటే సరే. తరవాత ఎమిటర్ రెసిస్టరు మీద మిల్లీవోల్టులు చూస్తూ, సర్వీసు మాన్యువల్‌లో ఇచ్చిన అంకె దగ్గర బయాస్ నిలపాలి. 0.22 ఓమ్‌ల మీద 5 మిల్లీవోల్టులంటే సుమారు 23 మిల్లీఆంపియర్లు. సెట్టు వేడెక్కేకొద్దీ ఈ అంకె కదులుతుంది, కాబట్టి అరగంట తరవాత మళ్లీ కొలవాలి. రెండు చానళ్ల హీట్‌సింకులూ ఒకే వేడి మీద ఉన్నాయని తేలాక, మొదట పాత స్పీకరు ఒకటి తగిలించి తక్కువ వాల్యూములో ఏదైనా పాట పెట్టండి. మంచి స్పీకర్లు ఆ తరవాత.