అధికారి చేతి గడియారం

దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల శిక్షణాలయాలు అనేకం ఉన్నాయి. సబ్ ఇన్‌స్పెక్టర్, కానిస్టేబుల్ ఉద్యోగాల కొరకు చదివే యువకులు జిల్లాల నుండి వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉంటారు. వారిలో ముస్లిం యువకులూ ఉన్నారు. ఈ ప్రాంతంలోనే చైతన్యపురి, సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ పోలీసు ఠాణాలు ఉన్నాయి; ఎల్.బి.నగర్‌లో రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాలు ఉన్నాయి. చట్టాన్ని అమలు జరిపే చేతులను సామాన్యుడు దగ్గర నుండి చూసే చోటు ఇది. అలాంటి చేతికి లక్షల రూపాయల గడియారం ఉంటే ధర్మం ఏమంటుంది? ఆ ఉద్యోగానికి సిద్ధమవుతున్న యువకుడు ముందుగానే తెలుసుకోవలసిన విషయమిది.

మొదట ఒక అపోహ తొలగాలి. మంచి వస్తువు ధరించటం దానంతట అది పాపం కాదు. అల్లాహ్ తన దాసుల కొరకు సృష్టించిన అలంకరణను నిషేధించే హక్కు ఎవరికీ లేదని దివ్య ఖుర్ఆన్ అల్ ఆరాఫ్ సూరా 32వ ఆయత్‌లో స్పష్టం చేసినది. దానికి ముందరి ఆయత్‌లోనే దుబారా వద్దన్నది. పురుషునికి బంగారం నిషిద్ధం కనుక బంగారు గడియారం సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. అతడు పోలీసు అయినా, వర్తకుడైనా తీర్పు ఒకటే. మిగిలిన గడియారాల విషయంలో తేల్చవలసినవి రెండు: అది ఎలా వచ్చినది? అది చూసేవారి మనస్సులో ఏమి కలిగిస్తుంది?

మొదటి ప్రశ్నకు లెక్క ఉన్నది. 2022లో తెలంగాణ పోలీసు నియామక ప్రకటన ప్రకారం కానిస్టేబుల్ వేతన స్కేలు రూ. 24,280తోను, సబ్ ఇన్‌స్పెక్టర్ స్కేలు రూ. 42,300తోను ఆరంభమవుతుంది. అయిదు లక్షల గడియారం కొనాలంటే కొత్త కానిస్టేబుల్ ఇరవై నెలల మూలవేతనం చాలదు. సబ్ ఇన్‌స్పెక్టర్‌కు దాదాపు ఏడాది మూలవేతనం కావాలి. ఇంటి అద్దె, పిల్లల చదువు, తల్లిదండ్రుల మందులు పోగా అంత మిగలటం కష్టం. అయితే తండ్రి ఆస్తి, భార్య సంపాదన, సోదరుని వ్యాపారం వంటి ధర్మసమ్మతమైన మార్గాలు ఉండవచ్చు. అవి ఉంటే చూపటానికి వెనుకాడవలసిన పని లేదు.

చిక్కు అంతా కానుక దగ్గర వస్తుంది. జకాత్ వసూలుకు వెళ్లిన ఇబ్నుల్ లుత్బియ్యా అనే వ్యక్తి తిరిగి వచ్చి, కొంత సొమ్మును ప్రభుత్వానిదని అప్పగించి, కొంత తనకు కానుకగా వచ్చినదని ప్రక్కన పెట్టుకున్నాడు. దైవప్రవక్త (స) మింబర్ ఎక్కి దీనిని బహిరంగంగా ఖండించారు. అతడు తన తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుకలు వచ్చేవా అన్నది ఆయన ప్రశ్న. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ హదీసు అధికారులకు శాశ్వతమైన గీటురాయి. ఖాకీ దుస్తులు విప్పి ఇంట కూర్చుంటే ఆ స్థిరాస్తి వ్యాపారి, ఆ హోటల్ యజమాని ఆ గడియారం ఇచ్చేవారా? ఇవ్వరంటే ఆ కానుక మనిషికి వచ్చినది కాదు, పదవికి వచ్చినది. హనఫీ ధర్మశాస్త్రవేత్తలు ఖాజీ విషయంలో ఇదే గీత గీశారు. దగ్గరి బంధువుల నుండి, పదవికి ముందు నుండే ఇచ్చిపుచ్చుకునే అలవాటు ఉన్నవారి నుండి తప్ప అతడు కానుక తీసుకోరాదు. వారికి తన ఎదుట వ్యాజ్యం ఉంటే అదీ కూడదు.

ఇక రెండవ ప్రశ్న. సొమ్ము ధర్మమైనదే అయినా అనుమానానికి తావు ఇవ్వవచ్చునా? దైవప్రవక్త (స) ఎతికాఫ్‌లో ఉండగా ఒక రాత్రి ఆయన సతీమణి హజ్రత్ సఫియ్యా (రజి) వచ్చి మాట్లాడారు. ఆమెను సాగనంపుతున్న సమయంలో ఇద్దరు అన్సారీలు అటుగా వెళ్లారు. ఆయన వారిని ఆపి, ఈమె సఫియ్యా అని తెలియజేశారు. వారు అనుమానించలేదు. అయినా షైతాన్ మనస్సులో ఏదైనా వేస్తాడేమోనని ఆయన ముందే తావు లేకుండా చేశారు. దైవప్రవక్తే అంత జాగ్రత్త వహించగా సాధారణ అధికారి తనకు ఆ అవసరం లేదనుకోవటం తగదు.

ఇటీవలి చరిత్ర కూడా ఇదే చెబుతున్నది. 2016లో కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ధరించిన హ్యూబ్లో గడియారంపై వివాదం రేగినది. మిత్రుడు ఇచ్చిన కానుక అని ఆయన చెప్పారు. చివరకు ఆ గడియారాన్ని శాసనసభ స్పీకరుకు అప్పగించగా అది రాష్ట్ర ఆస్తి అయినది. థాయిలాండ్ ఉపప్రధాని, రక్షణ మంత్రి ప్రవిత్ వోంగ్‌సువాన్ చేతి గడియారం 2017 డిసెంబరులో ఒక ఛాయాచిత్రంలో ప్రజల కంట పడినది. పాత చిత్రాలు వెదకగా ఇరవైకి పైగా ఖరీదైన గడియారాలు తేలాయి. మరణించిన మిత్రుని వద్ద ఎరువు తెచ్చుకున్నానని ఆయన వివరణ. 2018 డిసెంబరులో అక్కడి అవినీతి నిరోధక సంఘం చర్యకు ఆధారం లేదని నిర్ణయించినది. అయినా విమర్శలు ఆగలేదు. చట్టం విడిచిపెట్టినంత మాత్రాన నమ్మకం తిరిగి రాదు.

అయితే చూసేవారికీ ఒక హద్దు ఉన్నది. అనేక అనుమానాలను విడనాడమని అల్ హుజురాత్ సూరా 12వ ఆయత్ విశ్వాసులను ఆదేశించినది. పోలీసు చేతి గడియారం చూచిన వెంటనే లంచగొండి అని ప్రచారం చేయటం అపనింద కావచ్చు. పెద్ద కంపెనీల పేర్లతో నకలు గడియారాలు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. (నకలు సరుకు అమ్మటం 1999 ట్రేడ్ మార్కుల చట్టం క్రింద నేరం, దానిని అరికట్టవలసిన వ్యక్తే ధరించటం మరొక తప్పు.) అనుమానం ఉన్నవాడు వీధిలో తీర్పు చెప్పరాదు, లెక్క అడిగే సంస్థకు తెలుపవచ్చు.

లెక్క అడగటం అవమానం కాదు. హజ్రత్ ఉమర్ (రజి) గవర్నర్లను నియమించినప్పుడు వారి ఆస్తిని వ్రాయించేవారనీ, వారిపై ఫిర్యాదులు వస్తే విచారణకు ముహమ్మద్ బిన్ మస్లమా (రజి)ను పంపేవారనీ చరిత్రకారులు వ్రాశారు. నేటి చట్టం దారీ అదే. ప్రభుత్వోద్యోగుల కానుకలకు, ఆస్తి వివరాలకు 1964 నాటి ప్రవర్తన నియమాలు ఉన్నాయి. 1988 అవినీతి నిరోధక చట్టం, 2018 సవరణ తరువాత కూడా, తెలిసిన ఆదాయానికి మించిన ఆస్తికి సంతృప్తికరమైన లెక్క చూపలేని ఉద్యోగిని నేరస్థునిగా పరిగణిస్తుంది. ముస్లిం ఉద్యోగికి వీటిని పాటించటం అమానత్‌లో భాగం.

కాబట్టి ఖరీదైన గడియారం ఉన్న అధికారి ముందు రెండు దారులు ఉన్నాయి. కానుక అయితే తిరిగి ఇవ్వాలి, లేదా ప్రభుత్వానికి అప్పగించాలి. స్వార్జితమైతే పై అధికారులకు తెలిపి, విధి నిర్వహణలో దానిని ఇంట ఉంచటం మేలు. సమయం చూపటానికి సాధారణ గడియారం చాలు.

ఎందుకంటే ఠాణాకు వచ్చే మనిషి సామాన్యంగా కష్టంలో వస్తాడు. కూతురు ఇల్లు చేరలేదని వచ్చిన తల్లి, అద్దె డబ్బు పోగొట్టుకున్న కూలీ ఫిర్యాదు వ్రాసుకునే చేతినే చూస్తారు. ఆ చేతికి లక్షల గడియారం కనిపిస్తే, తమ మాట వినిపించటానికి ఎంత ఇవ్వవలసి ఉంటుందోనని వారికి భయం కలుగుతుంది. కొందరు ఫిర్యాదు చేయకుండానే వెనుదిరుగుతారు. అలా వెళ్లిపోయినవారి లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు. ప్రళయదినాన మాత్రం ఉంటుంది.