బి.ఏ.తో పాటు బిజినెస్సూ!

"డిగ్రీలో ఏం తీసుకుంటున్నావమ్మా?" అని అడిగిన బంధువులకు చరిత్ర అనో, తెలుగు అనో చెప్పి చూడండి. "అది చదివితే ఏం ఉద్యోగం వస్తుందీ?" అన్న ప్రశ్న వెంటనే వచ్చి పడుతుంది. దానికి జడిసి, మనసు లేకపోయినా బి.కాం.లో చేరిపోయే అమ్మాయిలు ఎందరో! ఇష్టమా, ఉపాధా అని ఇంతగా మథనపడనక్కర్లేదు. బి.ఏ. చదువుతూనే బిజినెస్‌ను 'మైనర్'గా తీసుకోవచ్చు.

మైనర్ అంటే?

ప్రధానంగా చదివేది మేజర్. దానికి తోడుగా, తక్కువ మోతాదులో చదివేది మైనర్. అమెరికా కాలేజీల్లో ఎప్పట్నుంచో ఉన్న ఈ పద్ధతికి 2020 జాతీయ విద్యావిధానం మన దగ్గరా దారి తీసింది. 2022 డిసెంబర్‌లో యూజీసీ ఇచ్చిన నమూనా ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అందులో మేజర్‌కు కనీసం 60, మైనర్‌కు 24. అంటే నాలుగు క్రెడిట్ల పేపర్లు ఆరు చదివితే చాలన్నమాట. నాలుగేళ్ల ఆనర్స్‌లో మైనర్‌కు 32 క్రెడిట్లు. ఆంధ్రప్రదేశ్‌లో మేజర్, మైనర్ పద్ధతి 2023-24లో మొదలైంది.

దేనికి పనికొస్తుంది?

అకౌంట్స్, మార్కెటింగ్, మేనేజ్‌మెంట్ వంటివి ఇందులో ఉంటాయి. "చీరలమ్మడానికి కూడా చదువెందుకూ?" అంటారేమో! ఒకమ్మాయి 20 చీరలు ఒక్కొక్కటి 1,500 రూపాయలకు తెచ్చి, 2,000 చొప్పున 16 అమ్మిందనుకోండి. చీరకు 500 వంతున 8,000 లాభం. కానీ పెట్టిన 30,000 పోగా చేతిలో మిగిలింది 2,000 మాత్రమే! తక్కిన 6,000 నాలుగు చీరలై బీరువాలో కూర్చుంది. ఆ నెల ఇంటద్దె లాభంతో కాదు, చేతిలో ఉన్న డబ్బుతోనే కట్టాలి కదా! డ్వాక్రా సంఘాల పద్దులు చూసే అక్కలకు ఈ తేడా అనుభవం నేర్పింది. కాలేజీ అమ్మాయికి పుస్తకం నేర్పుతుంది.

తెలుగు చదివినామె పుస్తక ప్రచురణలోకి వెళ్లినా, చరిత్ర చదివినామె పర్యాటక రంగంలోకి వెళ్లినా ఈ లెక్క తప్పదు. పుస్తకానికి ఎంత ధర పెట్టాలి, యాత్రకు మనిషికి ఎంత తీసుకోవాలి అని ఎవరో ఒకరు తేల్చాలి. అది తెలిసిన మనిషి మాటకు ఆఫీసులో విలువ ఉంటుంది.

ఇదీ గుర్తుంచుకోండి

మైనర్ చేసినంత మాత్రాన బి.కాం. చేసినట్టు కాదు. ఎంబీఏ కోసమైతే ఇది తప్పనిసరీ కాదు. ఏ డిగ్రీలోనైనా 50 శాతం మార్కులుంటే క్యాట్ రాయవచ్చు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం చాలు. డిగ్రీ తర్వాత నేరుగా సి.ఏ.లో చేరాలంటే కామర్స్ వాళ్లకు 55 శాతం, ఇతర గ్రాడ్యుయేట్లకు 60 శాతం ఉండాలి. కాబట్టి సర్టిఫికెట్‌లో ఇంకో మాట చేరుతుందని కాక, పని నేర్చుకోవడానికే మైనర్ తీసుకోండి.

నియమాలు యూనివర్సిటీని బట్టి మారుతుంటాయి. చేరేముందు కాలేజీకి వెళ్లి ఇవి అడగండి: మైనర్ చెప్పడానికి లెక్చరర్ ఉన్నారా? మేజర్ క్లాసులూ ఇవీ ఒకే సమయంలో పడవు కదా? మార్కుల మెమోలో మైనర్ పేరు వేస్తారా? మొహమాటపడకండి. మూడేళ్లు చదవబోయేది మీరే!