డెక్కకు మొగుడు పురుగే, కానీ…

పడమటి కర్నూలులో నీటి లెక్క ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది: ఎల్లెల్సీకి, అంటే తుంగభద్ర దిగువ కాలువకు నీళ్లు వదిలారా, లేదా? వదిలితేనే బసాపురం ట్యాంకు నిండి ఆదోనికి వేసవి గడుస్తుంది, ఎమ్మిగనూరు పొలాలు తడుస్తాయి. ఇలా కాలువ నీళ్లు దాచుకుని బతికే ఊళ్లకు గుర్రపుడెక్క వట్టి కలుపు కాదు, దొంగ. దాచిన నీటిని ఆకుల గుండా ఆవిరి చేసేస్తుంది. దాని కింద వెలుతురుండదు, నీటిలో గాలి కలవదు, చేపలు ఊపిరాడక చస్తాయి. అదను దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. విత్తనమేమో అడుగు బురదలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటుంది. జేసీబీతో ఎత్తిపోసి ఫొటో దిగితే అయిపోయే పని కాదిది.

కలుపు మింగిన నీరు తిరిగి కోలుకుంటుందా? కోలుకున్న కథ పక్కనే, బెంగళూరులో ఉంది. సాల్వీనియా అనే నీటి కలుపు అక్కడ ఒక కలువ కొలనును కమ్మేసింది. దాని పుట్టిల్లు బ్రెజిల్. ఆ గడ్డ మీదే పుట్టి, దాన్నే తిని బతికే రెండు మిల్లీమీటర్ల ముక్కుపురుగును 1983–84లో శాస్త్రవేత్తలు ఆ కొలనులో వదిలారు. 11 నెలలకు కలుపు కూలిపోయింది. అడుగున అణగిపోయిన కలువలు మళ్లీ తలెత్తాయి. కేరళలో ఇదే కలుపును ఆఫ్రికన్ పాయల్ అంటారు. కుట్టనాడు వరి రైతులు దాన్ని తీయించడానికే హెక్టారుకు 235 రూపాయలు పోసేవారు. 1988 నాటికి అక్కడా పురుగుదే పైచేయి అయింది.

గుర్రపుడెక్కను మాత్రం ఆ పురుగు ముట్టదు. దానికి వేరే జాతి ముక్కుపురుగులను 1982లో మన దేశానికి తెప్పించారు. పెద్దవి ఆకును గోరుతో గీకినట్టు చిన్న చిన్న మచ్చలుగా కొరుకుతాయి. పిల్లపురుగులు బూరెలా ఉబ్బిన కాడలో సొరంగం తవ్వుకుంటూ మొదలు దాకా పోతాయి. నీళ్లు చొరబడి, కుళ్లి, మొక్క మెల్లగా మునుగుతుంది. ఆ నిదానమే మేలు. మందు కొడితే అంతా ఒక్కసారిగా కుళ్లి, నీటిలో మిగిలిన కాస్త ఆక్సిజన్ కూడా హరించుకుపోతుంది.

అయితే పురుగు మంత్రగాడేం కాదు. అదే బెంగళూరులో బెళ్లందూరు చెరువును చూడండి. మురుగు తాగి తాగి నురగలు కక్కింది, 2015లో మంటలే లేచాయి. మురుగులోని నత్రజని, భాస్వరం డెక్కకు పంచభక్ష్య పరమాన్నం. పురుగు తినే వేగం కన్నా మొక్క పెరిగే వేగమే ఎక్కువైతే గెలుపు మొక్కదే. నా మటుకు నాకు యంత్రం కొనడం, పురుగు తేవడం రెండూ తర్వాతి మాటలే. చెరువులోకి దిగే డ్రైనేజీని మళ్లించడమే మొదటి పని.

ఆదోని, ఎమ్మిగనూరు పాఠకులకు ఒక మనవి. ఊదారంగు పూలు ముచ్చటగా ఉన్నాయని డెక్కను ఇంటి తొట్టిలో పెంచకండి. అక్వేరియం మొక్కలను కాలువలో పారేయకండి. చెరువులో నాలుగు మొక్కలు కనిపిస్తే, అవి నాలుగుగా ఉన్నప్పుడే పీకించండి.