చెక్క పెట్టె, ఇనప కడ్డీ, తెగిన వేళ్లు!

పాత హాలీవుడ్ కౌబాయ్ సినిమాల్లో ఒక సీన్ చూసే ఉంటారు. పరిగెడుతున్న గూడ్స్ రైలు పైకప్పు మీద హీరో ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి దూకుతుంటాడు. సినిమాలో అది స్టంట్. 1870ల నాటి అమెరికాలో మాత్రం రోజువారీ ఉద్యోగం! ఎందుకంటే బ్రేకు చక్రం ఉండేది ఆ పైకప్పు మీదే.

అప్పటి బాక్స్ కార్ అంటే చక్రాల మీద చెక్క ఇల్లు. పొడవు సుమారు 28 అడుగులు, మోసేది 10 టన్నులు. అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు ఓక్ లేదా పైన్ దూలాలు. ఒకదాని కొస చెక్కి ఇంకోదాని బెజ్జంలో దిగ్గొట్టి, బోల్టులు బిగించేవాళ్లు. ఉక్కు ఖరీదు, అడవులు బోలెడు. ఏది విరిగినా ఒక వడ్రంగి ఉంటే చాలు.

చిక్కల్లా నడుముతోనే. చక్రాలేమో రెండు చివర్ల దగ్గర, సరుకేమో మధ్యలో కూడా. కొన్నాళ్లకి దూలాలు కిందికి వంగిపోయేవి. దీనికి వాళ్లు పట్టిన ఉపాయం నాకు భలే నచ్చింది. బండి కింద పొడవునా ఇనప కడ్డీలు వేశారు. మధ్యలో దూలాల కింద పొట్టి గుంజలు పెట్టి, కడ్డీల్ని వాటి కిందుగా పోనిచ్చి, టర్న్‌బకిల్ అనే మరతో బిగించారు. కడ్డీ బిగిసేకొద్దీ గుంజలు దూలాల్ని పైకి నెడతాయి. అమ్మమ్మ వాళ్లింట్లో నులక మంచం జారితే కాళ్ల వైపు తాడు లాగి బిగిస్తారు కదా, దాదాపు అదే లాజిక్. సాఫ్ట్‌వేర్‌లో మేం దీన్ని ప్యాచ్ అంటాం. సూపర్ ప్యాచ్!

కానీ ప్యాచ్ ప్యాచే. కడ్డీలు వంగకుండా ఆపాయి గానీ, ఇంజిన్ లాగే లాగుడు మాత్రం ఇంకా చెక్క మీదే పడేది. మొదటి పెట్టె తన వెనకున్న రైలంతటి భారాన్నీ తట్టుకోవాలి. 1890ల కల్లా పెట్టె లోడు 30 టన్నుల దాకా వెళ్లింది. కీళ్లు వదులయ్యేవి, వాన నీళ్లు దిగి చెక్క కుళ్లేది.

మనుషుల పరిస్థితి ఇంకా ఘోరం. ఇంజిన్ కూత వినగానే బ్రేక్‌మెన్ వానలో, మంచులో పైకప్పు మీది సన్నటి పలకల వెంట పరిగెత్తి, ఒక్కో పెట్టె చక్రం తిప్పాలి. జారితే అంతే. పెట్టెల్ని కలపాలంటే మనిషి రెండింటి మధ్య నిలబడి, ఇనప లంకెను చేత్తో పట్టుకుని, ఎదుటి గూట్లోకి సరిగ్గా దూర్చి మేకు వెయ్యాలి. అర సెకను అటూ ఇటూ అయితే వేళ్లు పోయేవి. వేళ్లు లేని బ్రేక్‌మన్‌ని చూసి ‘అనుభవం ఉన్నవాడు’ అనుకునేవాళ్లట!

దీనికి మందు ఎప్పుడో దొరికింది. బట్టల షాపులో గుమస్తాగా చేసిన ఈలై జానీ, చాకుతో చెక్క మోడల్ చెక్కి, తగిలితే వాటంతటవే లాక్ అయ్యే కప్లర్ తయారుచేశాడు. పేటెంట్ 1873లో వచ్చింది. అయినా కంపెనీలు డబ్బు లెక్కలు చూసుకున్నాయి. అయోవా రైతు లోరెంజో కాఫిన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 1893లో చట్టం వచ్చింది. అది పూర్తిగా అమలయ్యేసరికి 1900. అంటే 27 ఏళ్లు! ఈలోగా 1897లో ఉక్కు హాపర్ కార్లు పెద్ద ఎత్తున పట్టాలెక్కి, చెక్క బండికి కాలం చెల్లడం మొదలైంది.

ఈసారి గేటు దగ్గర గూడ్స్ రైలు ఆగితే రెండు వ్యాగన్ల మధ్యకి చూడండి. రెండు చేతుల వేళ్లు మడిచి ఒకదానికొకటి తగిలించినట్టు ఒక ఇనప కొక్కెం కనిపిస్తుంది. అది జానీ చెక్కిన ఆ బొమ్మకి మనవడే.