ఇంగ్లీషు డిక్షనరీలో మన పందికొక్కు

ఇంగ్లీషు డిక్షనరీల్లో అన్నిటికంటే పొడుగు మాట న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కెనోకోనియోసిస్. ఇంగ్లీషులో రాస్తే 45 అక్షరాలు. పిల్లలు దీన్ని గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతుంటారు గానీ బట్టీ పట్టాల్సిన పనే లేదు. సమాసానికి విగ్రహవాక్యం చెప్పినట్టు విడదీస్తే చాలు. న్యుమోనో అంటే ఊపిరితిత్తి. అల్ట్రామైక్రోస్కోపిక్ అంటే మామూలు సూక్ష్మదర్శినికీ అందనంత చిన్నది. సిలికో అంటే ఇసుకలో ఉండే సిలికా, వాల్కెనో అంటే అగ్నిపర్వతం. గ్రీకులో కోనిస్ అంటే దుమ్ము, కోనియోసిస్ దుమ్ము పీల్చడంవల్ల వచ్చే జబ్బు. రాళ్లు కొట్టేవాళ్ల ఊపిరి తీసే సిలికోసిస్ ఇదే. డాక్టర్లు వాడేది ఆ చిన్న పేరే. పొడుగు పేరును 1935లో అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడుగు కోసమే అల్లాడు.

నన్నడిగితే అసలు రికార్డు చిన్న మాటలది. మూడక్షరాల 'సెట్' చూడండి. పొద్దు గుంకినా సెట్టే, పెరుగు తోడుకున్నా సెట్టే. విరిగిన ఎముక సరిచేసి కట్టడం, అలారం పెట్టడం, ప్రశ్నపత్రం తయారుచేయడం, ఉంగరంలో రాయి పొదగడం... అన్నిటికీ ఆ ఒక్క మాటే. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ రెండో కూర్పులో ఈ క్రియకు సుమారు 430 అర్థాలు, వాటి వివరణకు 60,000 మాటలు పట్టాయి. మూడో కూర్పు పనిలో 'రన్' దీన్ని దాటిపోయింది. క్రియగానే దానికి 645 అర్థాలు! మన పిల్లలు పెద్ద పెద్ద మాటల జాబితాలు ముందేసుకుని కూర్చుంటారు, ఈ రెంటినీ మాత్రం నాలుగైదు అర్థాల దగ్గరే వదిలేస్తారు. నాకు బాధ కలిగించేది అదే.

ఆ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ పుట్టుకే ఒక విశేషం. 1857లో తలపెట్టారు, 1884లో తొలి భాగం వచ్చింది, 1928కి గానీ పూర్తికాలేదు. మొత్తం 4,14,825 మాటలు. ఎక్కడెక్కడి పాఠకులో చీటీలు రాసి పంపేవారు. చీటీ మీద ఒక మాట, అది కనిపించిన వాక్యం, పుస్తకం పేరు, అచ్చయిన ఏడాది. సంపాదకుడు జేమ్స్ మర్రే వాటిని ఇనుప షెడ్డులో, చిన్న చిన్న గూళ్లలో సర్దించేవాడు. వేలకొద్దీ చీటీలు పంపిన డబ్ల్యు.సి. మైనర్ బ్రాడ్‌మూర్ మానసిక చికిత్సాలయంలో నిర్బంధంలో ఉన్న మనిషి. 'బాండ్‌మెయిడ్' అనే మాట చీటీలు ఎక్కడో జారిపోవడంతో ఆ మాటే అచ్చుకు ఎక్కలేదు. 1933 అనుబంధంలో చేర్చారు. మర్రే 1915లోనే కన్నుమూశాడు, పూర్తయిన పుస్తకం చూడలేదు.

డిక్షనరీ మాటలకు స్పెల్లింగ్ చెప్పే పోటీలూ ఉన్నాయి. అమెరికాలో 1925లో మొదలైన నేషనల్ స్పెల్లింగ్ బీలో 2024 విజేత బృహత్ సోమ. అప్పటికి పన్నెండేళ్లవాడు, నల్లగొండ మూలాలున్న కుటుంబం. ఆఖరి పోరులో 90 సెకన్లలో 29 మాటలకు సరైన స్పెల్లింగ్ చెప్పి కొత్త రికార్డు పెట్టాడు. మామూలు రౌండ్లలో పిల్లలు నిర్వాహకులను అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ మాట ఏ భాష నుంచి వచ్చింది? మూలం తెలిస్తే స్పెల్లింగ్ సగం తెలిసినట్టే.

కొన్ని మాటలకు ఆ జవాబు తెలుగే. వరిగట్టు కింద బొరియ తవ్వి, మడిలో నీళ్లు ఖాళీ చేసి, రైతు చేత తిట్లు తినే మన పందికొక్కే ఇంగ్లీషులో 'బ్యాండికూట్'. పిల్లల్ని సంచిలో మోసే ఆస్ట్రేలియా జంతువు వేరే జాతిదైనా దానికీ ఆ పేరే పెట్టారు. పక్షిశాస్త్రంలో 'పిట్టా' మన పిట్టే. 'గోల్కొండ' అంటే ఇంగ్లీషులో తరగని సిరుల గని. నిజానికి గోల్కొండ వజ్రాలు అమ్మిన చోటు, వాటిని తవ్వి తీసింది కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి ఊళ్లలో. డిక్షనరీకెక్కింది మాత్రం గోల్కొండే.